ఒక జర్మన్ జనరల్ జమాఖర్చు



కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల, మన వైపు ఎవరి స్మారకసభ పెట్టినా మాట్లాడేవాళ్లు కట్టబొమ్మన దగ్గర బండెక్కి కట్టబొమ్మన దగ్గరే దిగుతారు. తప్పేమీ లేదు. ఆయన్ని ఉరితీసిన కయత్తారు మనకు కూతవేటు దూరం. ఒక పక్క పాంచాలంకురిచ్చి, ఇంకో పక్క ఎట్టయాపురం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు అది చుట్టాల కథ. అందుకే నిర్వాహకులు ఫోన్ చేసి ఈసారి దేని మీద మాట్లాడతారని అడిగితే, "ఒక జర్మన్ జనరల్ మీద" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "హిట్లర్ మనిషా?" అన్నారు. "హిట్లర్ సైన్యంలో మనిషి. ఆ రెండింటికీ మధ్య దూరమెంతో చూద్దామనే" అన్నాను.

ఈ సభలో మనం తలుచుకుంటున్న సారు దగ్గర చరిత్ర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే కనిపిస్తున్నారు. ఆయన పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. పరీక్ష కాగితంలో ఎవరినైనా వీరుడని రాస్తే, ఆ వీరత్వానికి ఎవరెవరు చచ్చారో పక్కనే రాయాలి. ద్రోహి అని రాస్తే, ఆ ద్రోహం వల్ల అతనికి ఏం ముట్టిందో రాయాలి. రాయకపోతే ఎర్ర సిరాతో "జమ ఎక్కడ? ఖర్చు ఎక్కడ?" అని గీకి సగం మార్కులు కోసేసేవారు. విరుదునగర్ మిర్చి, పప్పు, నూనె మండీల మధ్య పెరిగిన పిల్లలకు జమాఖర్చు ఇంకొకరు నేర్పాలా? అయినా మనుషుల విషయానికొచ్చేసరికి మనం ఆ చిట్టా తెరవం. విగ్రహమైనా పెడతాం, ఉమ్మైనా వేస్తాం.

పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన సంగతే చూడండి. 1799 సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీ మేజర్ బానర్‌మన్ ఆయన కోట మీదికి వచ్చాడు. అక్టోబరు 16న కయత్తారులో ఉరి. ఆయన మంత్రి సుబ్రమణ్య పిళ్లైను నాగలాపురంలో ఉరితీశారు. 1801లో మూగవాడైన తమ్ముడు ఊమైత్తురై పాళయంకోట జైలు నుంచి తప్పించుకొచ్చి, కూలిన కోటను మళ్లీ లేపి, అదే ఏడు నవంబరులో తనూ ఉరికంబమెక్కాడు. కోటను నేలమట్టం చేశారు. ఎట్టయాపురం పాళెగాడు ఎట్టప్ప కంపెనీ పక్షాన నిలిచాడు, పాంచాలంకురిచ్చి ఊళ్లలో కొన్ని ఆయనకు దక్కాయి. ఆయన పేరు తమిళనాట తిట్టయి కూర్చుంది. కానీ ఆ సంస్థానమే నిలిచి ఉండటం వల్ల ముత్తుస్వామి దీక్షితులు చివరి రోజులు గడపడానికి ఒక నీడ దొరికింది. 1904లో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో అచ్చువేయడానికి ఒక ముద్రణాలయం దొరికింది. చిన్న సుబ్బయ్యకు భారతి అనే బిరుదు ఇవ్వడానికి ఒక సభ దొరికింది. ఇవన్నీ ఎట్టప్పను నిర్దోషిని చేస్తాయని నేననను. ద్రోహి ఇంటి చిట్టాలో కూడా జమ పేజీ ఒకటి ఉంటుందని మాత్రం అంటాను. సారు దీనికి పూర్తి మార్కులు వేసేవారో లేదో గానీ, ఎర్ర సిరా వాడేవారు కాదు.

ఇక జర్మన్ జనరల్. ఆయనకూ మనకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. సంబంధం గట్టిదే. 1944 మొదట్లో ఇటలీలో, రోమ్‌కు ఆగ్నేయంగా ఉన్న మాంటె కాసినో అనే కొండ దగ్గర ఆయన సేనల ఎదుట నిలబడ్డవాళ్లలో 4వ భారత డివిజన్ ఒకటి. ఆ డివిజన్ ఇంజనీర్లలో మద్రాస్ శాపర్స్ వారి 12వ ఫీల్డ్ కంపెనీ ఉంది, 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ ఉంది. బెంగళూరు కేంద్రంగా ఉండే ఆ రెజిమెంటులో తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడే కుర్రాళ్లు కలిసి పనిచేసేవారు. వాళ్ల పని తుపాకీ కన్నా ఎక్కువగా పార, గునపం, మందుపాతర వెతికే కర్ర. ఆ మందుపాతరలు ఎవరివో, ఆ కొండను ఎవరు పట్టుకుని కూర్చున్నారో తెలుసుకోవడం పరాయి చరిత్రేమీ కాదు.

ఆయన పేరు ఫ్రిడో ఫాన్ జెంగర్ ఉంట్ ఎటర్లిన్. పేరు పొడుగు, కాబట్టి జెంగర్ అందాం. 1891 సెప్టెంబరు 4న, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న వాల్డ్‌షూట్‌లో పుట్టాడు. బాడెన్ ప్రాంతపు పాత కేథలిక్ కుటుంబం. పేరు పెద్దది, ఆస్తి కరిగిపోయింది. మన జమీందారీ ఇళ్లు ఎరిగినవాళ్లకు ఆ వాతావరణం విడమరిచి చెప్పనక్కర్లేదు. 1912లో రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లాడు. రెండేళ్లు ఇంగ్లీషువాళ్లతో కలిసి చదువుకుని 1914లో తిరిగొస్తే, అదే ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధం. ఫిరంగి దళంలో చేరాడు.

ఆ యుద్ధంలో ఆయన తమ్ముడు విమానం నడిపేవాడు. 1917లో కాంబ్రే దగ్గర చనిపోయాడు. అందరినీ కలిపి ఒకే గోతిలో పూడ్చిపెట్టిన చోటికి అన్న వెళ్లి, ఫిరంగులు పేలుతుండగానే తవ్వించి, పొరలు పొరలుగా పడి ఉన్న శవాల అడుగున తమ్ముణ్ని గుర్తుపట్టి, కారులో తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ఎన్నో ఏళ్ల తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో ఈ సంగతి చెప్పాడు. యుద్ధం అంటే ఆయనకు పతాకాలూ బూరలూ కాదని తెలియడానికి ఇదొక్కటి చాలు. అయినా ఆ యుద్ధం ముగిశాక సైన్యంలోనే ఉండిపోయాడు. ఎందుకంటే, ఆయన గుర్రాల మనిషి, అశ్వదళం ఆయన ఇల్లు. ఓడిన జర్మనీకి మిగిలిన చిన్న సైన్యంలో ఆ ఇల్లు ఇంకా ఉంది. 1933లో హిట్లర్ వచ్చాక కూడా ఆ ఇల్లు ఖాళీ చేయలేదు. నాజీలంటే ఆయనకు రోత. కేథలిక్ మనసుకు, ఆక్స్‌ఫర్డ్ చదువుకు, పాత కుటుంబపు మర్యాదకు ఆ మూక సరిపడలేదు. కానీ రోత పుట్టిన ప్రతివాడూ ఉద్యోగం వదిలిపెట్టడు. వేతనం, పింఛను, తోటివాళ్లు, అలవాటు: వీటి ముందు రోత ఎంత? ఇది జర్మన్లకు మాత్రమే ఉన్న జబ్బు కాదు.

నడుమ సంగతులు తొందరగా చెప్పేస్తాను. 1940లో ఫ్రాన్స్‌లో ఆయన దళం, రోమెల్ డివిజన్ పక్కపక్కనే షెర్బూర్ రేవు మీదికి నడిచాయి. రోమెల్ పేరు మనలో చాలామందికి తెలుసు, జెంగర్ పేరు తెలియదు. సినిమాలు అలా నిర్ణయిస్తాయి. తర్వాత రెండేళ్లు ఇటలీలోని ట్యూరిన్‌లో యుద్ధవిరమణ కమిషన్‌లో దౌత్యం లాంటి ఉద్యోగం. 1942 అక్టోబరులో రష్యాలో 17వ పాంజర్, అంటే ట్యాంకు, డివిజన్‌కు నాయకత్వం. స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న సైన్యాన్ని విడిపించడానికి ఆ డిసెంబరులో జరిగిన ప్రయత్నంలో ఆ డివిజన్ పాల్గొంది. ఆ ప్రయత్నం ముట్టడి వలయానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. 1943 వేసవిలో సిసిలీలో, ఇటాలియన్ జనరల్ గుజ్జోని దగ్గర సంధానకర్త. గెలవబోని యుద్ధం అని ఆయనకు అప్పటికే స్పష్టంగా తెలుసు.

ఇప్పుడు సావధానంగా వినవలసిన చోటుకు వచ్చాం. 1943 సెప్టెంబరు 8న ఇటలీ మిత్రరాజ్యాలతో సంధి ప్రకటించింది. నిన్నటిదాకా జర్మన్ల పక్కన నిలబడ్డ ఇటాలియన్ సైనికులు రాత్రికి రాత్రి శత్రువులయ్యారు. హిట్లర్ కోపానికి అంతు లేదు. ఎదురు తిరిగి పట్టుబడ్డ ఇటాలియన్ అధికారులను కాల్చిపారేయమని ఆజ్ఞ వచ్చింది. అప్పుడు జెంగర్ కోర్సికా దీవిలో ఉన్నాడు. సార్డీనియా నుంచి, కోర్సికా నుంచి జర్మన్ సేనలను ఓడల మీద ఇటలీ గడ్డకు చేర్చడం ఆయన పని. బాస్తియా రేవు కోసం ఇటాలియన్లతో పోరు జరిగింది. కొందరు అధికారులు బందీలుగా చిక్కారు. ఆజ్ఞ ఆయన బల్ల మీదికి వచ్చింది.

ఆయన పాటించలేదు. వైర్‌లెస్‌లో తన పైఅధికారి కెసెల్‌రింగ్‌కు, ఈ పని నేను చేయను అని చెప్పేశాడు. కెసెల్‌రింగ్ విని ఊరుకున్నాడు. బందీలు ప్రాణాలతో ఓడెక్కారు. జెంగర్‌ను కోర్టులో నిలబెట్టలేదు, ఉద్యోగం ఊడలేదు. మరుసటి నెలలో ఆయనకు పాంజర్ కోరునే అప్పగించారు.

అదే నెలలో, అదే తరహా ఆజ్ఞ గ్రీసు పక్కనున్న కెఫలోనియా దీవికీ చేరింది. అక్కడ ఇటలీ వారి ఆక్వీ డివిజన్ ఎదురు తిరిగింది, ఓడింది. లొంగిపోయిన తర్వాత సైనికుల్ని, అధికారుల్ని వేల సంఖ్యలో కాల్చేశారు. డివిజన్ సేనాని ఆంటోనియో గాందిన్‌ను సెప్టెంబరు 24న కాల్చారు. ఆ దీవి జర్మన్ల వైపు నుంచి జనరల్ హుబెర్ట్ లాంట్స్ కోరు కిందికి వస్తుంది. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో ఆయనకు 12 ఏళ్ల శిక్ష పడింది. లాంట్స్ పేరు ఒక పక్కన పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పై నుంచి ఆజ్ఞ వస్తే చిన్నవాడు ఏం చేయగలడు, కాదంటే తలే పోతుంది కదా అని యుద్ధం తర్వాత వందలమంది జర్మన్ అధికారులు కోర్టుల్లో మొరపెట్టుకున్నారు. కోర్సికా సంగతి ఆ మొరకు గొంతులో వెలక్కాయ. కాదన్నాడు. ఏమీ కాలేదు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసా అంటే తెలియదు. తల పోయినా పోవచ్చు అనుకునే చెప్పి ఉంటాడు. ధైర్యం అక్కడుంది. పాఠం మాత్రం ఇంకో చోటుంది: భయపడ్డవాళ్లలో ఎక్కువమంది పరీక్షించి చూడకుండానే భయపడ్డారు. సారు చిట్టాలో జమ పేజీ మీద, మొదటి వరుసలో, కోర్సికా బందీల ప్రాణాలు రాయండి. ఎవరూ కాదనలేరు.

మాంటె కాసినోకు వద్దాం. కొండ మీద మఠం. క్రీ.శ. 529లో బెనెడిక్ట్ స్థాపించాడని చెబుతారు. కేథలిక్ సన్యాస సంప్రదాయానికి అది పుట్టిల్లు. జెంగర్ సన్యాసి కాడు గానీ, బెనెడిక్ట్ నియమాన్ని సంసారంలో ఉంటూ పాటిస్తానని దీక్ష తీసుకున్న గృహస్థు. విధి ఎలా ఉందో చూడండి. రోమ్‌కు వెళ్లే దారిని కాపాడమని 14వ పాంజర్ కోరును ఆయన చేతికిస్తే, ఆ దారి మీద తాళంకప్పలా కూర్చున్నది తన గురువు మఠమే. మఠాన్ని సైన్యం వాడుకోకూడదని కెసెల్‌రింగ్ ప్రకటించాడు. లోపలి పుస్తకాలు, తాళపత్రాల్లాంటి పాత చర్మపత్రాలు, చిత్రాలు 1943 శరత్కాలంలోనే ష్లేగెల్, బెకర్ అనే ఇద్దరు అధికారులు లారీల్లోకి ఎక్కించి దాటించారు. ఆ క్రిస్మస్‌కు జెంగర్ మఠానికి ప్రార్థనకు వెళ్లాడు. కొండ కింద శత్రువుల స్థావరాలన్నీ ఆ కిటికీల్లోంచి కనిపిస్తాయి. తాను బయటికి చూడలేదని ఆ తర్వాత చెప్పుకున్నాడు. సేనాని తన కళ్లకు తానే గంత కట్టుకోవడం యుద్ధ చరిత్రలో అరుదు. కానీ గమనించండి: మఠం గోడల లోపల సైనికులు లేరు. గోడల బయట, అదే కొండ వాలు మీద, మెషిన్ గన్నులు ఉన్నాయి. పవిత్రత ఒక గోడ మందాన ఆగిపోయింది.

1944 జనవరిలో అమెరికన్లు కింది రాపిడో నది దాటబోయి ఘోరంగా దెబ్బతిన్నారు. జర్మన్లు ఎంత తేలిగ్గా తిప్పికొట్టారంటే, అదొక పెద్ద దాడి అని వాళ్లకు వెంటనే తట్టనే లేదు. తర్వాత మన 4వ డివిజన్ వంతు. దాని సేనాపతి మేజర్ జనరల్ టకర్ జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నాడు. నేపుల్స్ పుస్తకాల దుకాణాల్లో వెతికించి, 1879లో అచ్చయిన ఒక పాత పుస్తకం సంపాదించి చదివితే, మఠం గోడలు అడుగున 10 అడుగుల మందమని తేలింది. అంత కోట నెత్తి మీద ఉండగా నా సైనికులను కొండెక్కమంటే చంపడమే, ముందు దాన్ని కూల్చండి అన్నాడు. 1944 ఫిబ్రవరి 15 ఉదయం బాంబర్లు వచ్చాయి. 229 విమానాలు, వెయ్యి టన్నులకు పైగా బాంబులు. మఠం కూలింది. లోపల తలదాచుకున్న ఊరి జనం చాలామంది చచ్చారు. అప్పటికి లోపల జర్మన్ సైనికులెవరూ లేరని అమెరికా సైన్యపు అధికారిక చరిత్రే 1969లో ఒప్పుకుంది. కూలిన తర్వాత, ఇక కాపాడటానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, జర్మన్ పారాట్రూపర్లు ఆ శిథిలాల్లో నింపాదిగా స్థిరపడ్డారు. నిలబడ్డ భవనం కన్నా కూలిన రాళ్లగుట్ట దాక్కుని కాల్చడానికి మేలు. టకర్ తన సైనికుల ప్రాణాల కోసం అడిగిందే ఆ సైనికుల పాలిట ఉచ్చయింది.

బతికి బయటపడ్డ మఠాధిపతి గ్రెగోరియో దియామారే ముసలివాడు. మిగిలిన జనాన్ని వెంటపెట్టుకుని, ముందు శిలువ పట్టించి కొండ దిగాడు. జెంగర్ కారు పంపి తన స్థావరానికి పిలిపించుకుని, తిండి పెట్టించి, పడుకోబెట్టాడు. మర్నాడు మైకు ముందు కూర్చోబెట్టి, మఠంలో జర్మన్ సైనికులు లేరని ఆయన నోట చెప్పించి రేడియోకు రికార్డు చేయించాడు. చెప్పింది నిజమే. కానీ అలసిపోయిన ఒక ముసలి సన్యాసి నిజాన్ని గోబెల్స్ ప్రచారశాఖకు అందించింది బెనెడిక్ట్ శిష్యుడే. జెంగర్ మీద అభిమానంతో రాసేవాళ్లు ఈ ఘట్టాన్ని మర్యాదగా దాటేస్తారు. నాకు మాత్రం ఇక్కడే ఆ మనిషి పూర్తిగా కనిపిస్తాడు. దుప్పటి కప్పినదీ ఆయనే, మైకు పెట్టినదీ ఆయనే.

కొండకు ఇటువైపు ఏం జరుగుతోందో కూడా చూడాలి. అక్కడి నేల సున్నపురాయి. మన కరిసల్ నల్లరేగడి భూమిలో వానాకాలం అడుగు పెడితే మోకాలు దాకా దిగుతుంది, అక్కడ గునపం వేస్తే నిప్పురవ్వ లేస్తుంది. గొయ్యి తవ్వుకోలేక సైనికులు రాళ్లు పేర్చుకుని వాటి చాటున పడుకునేవారు. తిండి, నీళ్లు, తూటాలు రాత్రిళ్లు కంచరగాడిదల మీద రావాలి. గాడిదలు పోలేని దారిని ట్యాంకులు పోయే దారిగా మార్చమని శాపర్లకు చెప్పారు. కొండ వెనుక వైపు నుంచి మఠం దిక్కుగా ఒక బాట వేశారు, దానికి కావెండిష్ రోడ్డని పేరు. భారత శాపర్లు, న్యూజిలాండ్ ఇంజనీర్లు కలిసి మంచులో, బురదలో, శత్రువు కంట పడకుండా వలలు కప్పి ఆ రాయిని పేల్చి, చదును చేశారు. మార్చి 19న ట్యాంకులు ఆ బాట వెంట వెళ్లి జర్మన్లను అదరగొట్టాయి గానీ, వెంట కాలిబంటు లేక ఆగిపోయాయి. దారి వేసినవాడి పని వాడు చేశాడు.

ఇంకొకటి. 1944 ఫిబ్రవరి 24న, కాసినోకు కొంచెం వెనుక, మిన్యానో దగ్గర, మద్రాస్ శాపర్స్‌కు చెందిన సుబేదార్ సుబ్రమణియన్ మందుపాతరలు ఏరే జట్టుకు ముందు నడుస్తున్నాడు. కాంచీపురం ప్రాంతం మనిషి. వెనుక వస్తున్నవాడి కాలి కింద ఒక పాతర టిక్కుమంది. ఇలాంటి జర్మన్ పాతరల పని ఎలాగంటే, కాలు పడ్డాక కొన్ని సెకన్లు ఆగి, గాల్లోకి నడుము ఎత్తు దాకా ఎగిరి, అప్పుడు పేలి, చుట్టూ ఉక్కు గుళ్లు చిమ్ముతుంది. ఒక్కణ్ని కాదు, గుంపును చంపడానికి చేసిన యంత్రం. ఆ కొన్ని సెకన్లలో పారిపోవచ్చు, నేల మీద బోర్లా పడుకోనూవచ్చు. సుబ్రమణియన్ వెళ్లి దాని మీద పడ్డాడు. తోటివాళ్లు బతికారు. చనిపోయాక ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఆ పాతరను జెంగర్ చేత్తో పాతలేదు. కానీ ఆ రక్షణరేఖను అంత పకడ్బందీగా నిలబెట్టిన బుర్రల్లో ఆయనదొకటి.

ఖర్చు పేజీ ఇక్కడ మొదలవుతుంది. జెంగర్ మంచివాడా అని అడిగితే, మంచివాడే అంటాను. పనిమంతుడా అంటే, ఇటలీలో ఆయనంత పనిమంతులు ఇరువైపులా కొద్దిమందే. చిక్కంతా అక్కడే ఉంది. జనవరి నుంచి మే దాకా ఆ రేఖ నిలబడింది. మిత్రరాజ్యాల వైపు దాదాపు 55,000 మంది, జర్మన్ల వైపు దాదాపు 20,000 మంది చచ్చారు, లేదా గాయపడ్డారు. కాసినో దగ్గరి కామన్వెల్త్ శ్మశానంలో 4,000కు పైగా సమాధులున్నాయి, మనవాళ్లవీ ఉన్నాయి. అది యుద్ధభూమి లెక్క. దాని వెనుక ఇంకో లెక్క ఉంది. రేఖ నిలబడింది కాబట్టి రోమ్ జర్మన్ల చేతిలోనే ఉంది. మార్చి 23న రోమ్ వీధిలో ప్రతిఘటన దళం బాంబు పెట్టి 33 మంది జర్మన్ పోలీసులను చంపితే, మర్నాడు ఆర్డియాటైన్ గుహల్లోకి 335 మందిని తీసుకెళ్లి ఒక్కొక్కరినీ వెనుక నుంచి మెడలో కాల్చారు. అది జెంగర్ ఆజ్ఞ కాదు, ఆయన సేనలూ కావు. కానీ ఆ హంతకులు నింపాదిగా పని చేసుకోగలిగింది, దక్షిణాన కొండ మీద ఒక సమర్థుడైన, భక్తిపరుడైన, నాజీలంటే గిట్టని జనరల్ తన ఉద్యోగం బాగా చేస్తున్నందువల్లే.

దీన్ని ఆయన ఎరగనివాడు కాడు. అందుకే నాకు ఆయన మీద కోపం వస్తుంది, జాలి కూడా వస్తుంది. 1944 జులై 20న హిట్లర్‌ను చంపబోయిన స్టాఫెన్‌బెర్గ్ కూడా కేథలిక్కే, అశ్వదళం వాడే. ఒకే పాఠశాలలో చదివిన ఇద్దరు అనుకోండి. ఒకడు సంచిలో బాంబు పెట్టుకుని హిట్లర్ గదిలోకి వెళ్లాడు. ఇంకొకడు తన పరిధిలో తన చేతులు మురికి కాకుండా చూసుకుని, పై నుంచి వచ్చిన మురికి ఆజ్ఞను తిప్పిపంపి, మిగతా పనంతా చక్కగా చేశాడు. మొదటివాడి పని విఫలమైంది, రెండోవాడి పని సఫలమైంది. లోకానికి ఏది మేలో చెప్పక్కర్లేదు.

మే 11న మిత్రరాజ్యాల నాలుగో దాడి మొదలైనప్పుడు జెంగర్ సెలవు మీద జర్మనీలో ఉన్నాడు. హిట్లర్ చేతి నుంచి పతకం అందుకోవడానికి పిలిపించారు. అదే సమయంలో 8వ భారత డివిజన్ గారి నదిని దాటుతోంది. వాళ్లు కట్టిన వంతెనల్లో ఒకదానికి ఆక్స్‌ఫర్డ్ అని పేరు పెట్టారు. తనకు చదువు చెప్పిన ఊరి పేరున్న వంతెన మీదుగా శత్రువు తన రేఖను దాటాడని ఆయనకు తెలిసిందో లేదో. 12న పంజాబ్ రెజిమెంట్ సిపాయి కమల్ రామ్ ఒంటరిగా మెషిన్ గన్ గూళ్ల మీద పడి విక్టోరియా క్రాస్ గెలిచాడు. 19 ఏళ్లవాడు. 18న పోలండ్ సైనికులు మఠం మీద జెండా ఎగరేశారు. జూన్ 4న రోమ్ విడుదలైంది. ఆ తర్వాత ఇంకో ఏడాది ఆయన వెనక్కి తగ్గుతూ, ఆగుతూ, మళ్లీ తగ్గుతూ ఉత్తర ఇటలీ దాకా పోరాడాడు. ఆ ఏడాది సైనిక శాస్త్రం చదివేవాళ్లకు విందు. మనకు అవసరం లేదు.

1945 మే 4న ఫ్లోరెన్స్‌లో అమెరికన్ జనరల్ మార్క్ క్లార్క్ ముందుకు వెళ్లి, ఇటలీలోని జర్మన్ సేనల తరఫున లొంగుబాటు విషయం నివేదించినది జెంగరే. అంత పరాజయం మోసుకెళ్లడానికి మర్యాద తెలిసిన మనిషి కావలసివచ్చాడు. 1948 దాకా బ్రిటన్‌లో ఖైదు, ఎక్కువగా వేల్స్‌లోని బ్రిడ్జెండ్ శిబిరంలో. విడుదలయ్యాక కొంతకాలం సాలెమ్ విద్యాసంస్థలో పిల్లల వసతిగృహం చూసుకున్నాడు. పత్రికలకు, రేడియోకు సైనిక విషయాలు రాశాడు. 1960లో జ్ఞాపకాలు అచ్చయ్యాయి. 1963 జనవరిలో ఫ్రైబుర్గ్‌లో పోయాడు. కొడుకు ఫెర్డినాండ్ యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకుని కూడా కొత్త జర్మన్ సైన్యంలో జనరలై, మధ్య ఐరోపాలో నాటో సేనలకు అధిపతిగా పనిచేశాడు.

ఒక పేజీ మిగిలి ఉంది. సాధారణంగా జెంగర్ మీద రాసేవాళ్లు దీన్ని ఒక వాక్యంలో దాటించేస్తారు. 1950 అక్టోబరులో, పశ్చిమ జర్మనీ మళ్లీ సైన్యం పెట్టుకోవాలా అనే మాట మొదలైనప్పుడు, పాత అధికారులు 15 మంది హిమ్మెరోడ్ అనే మఠంలో రహస్యంగా కూడారు. అదీ బెనెడిక్ట్ నియమం నడిచే మఠమే. వాళ్లలో జెంగర్ ఉన్నాడు. కొత్త సైన్యం ఎలా ఉండాలో అక్కడొక పత్రం తయారైంది. సైనికుడు యూనిఫాం వేసుకున్న పౌరుడు, అంధ విధేయత కూడదు లాంటి మంచి మాటలు ఆ పత్రం నుంచే తర్వాతి జర్మన్ సైన్యానికి అందాయి. దాన్ని కూడా జమలో వేయాలి, వేద్దాం. కానీ అదే పత్రంలో షరతులూ ఉన్నాయి. మునుపటి జర్మన్ సైనికుల పరువు బహిరంగంగా నిలబెట్టాలి. ఆజ్ఞ ప్రకారం నడుచుకున్నందుకే యుద్ధ నేరస్థులుగా శిక్షపడ్డవాళ్లను వదిలిపెట్టాలి.

ఆజ్ఞ ప్రకారం నడుచుకున్నందుకు! ఆజ్ఞను కాదనవచ్చని, కాదన్నా ప్రాణం పోదని, బల్ల చుట్టూ కూర్చున్న ఆ 15 మందిలో స్వానుభవంతో తెలిసినవాడు ఆయన. కోర్సికా మాట అక్కడ ఎత్తి ఉంటే ఆ షరతుకు కాళ్లు విరిగేవి. పత్రం ఆ షరతుతోనే బయటికొచ్చింది. 1951 మొదట్లో అమెరికన్లు జైలు తలుపులు తెరిచి వదిలినవాళ్లలో, కెఫలోనియా వాడు, మీరు పక్కన పెట్టుకున్న ఆ హుబెర్ట్ లాంట్స్ కూడా ఉన్నాడు.